వాగు ఒడ్డున పాటు కోసం కూర్చున్నాం

మొన్న ఆదివారం పొద్దున్న పదింటికి రెండో కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చుని, తెల్లారిందగ్గర్నుంచి ఎవరింట్లో ఏం జరిగిందో చూద్దామని ఫోను తెరిచానో లేదో, మా కుటుంబం గ్రూపులో మా ఆడపడుచు ఫొటో కనిపించింది. నెత్తిన పుచ్చకాయ చిప్ప లాంటి టోపీ, చేతులకి తొడుగులు, చున్నీ నడుముకి బిగించి, లావుపాటి టైర్ల గేరు సైకిలు పట్టుకుని, వెనకాల కొండలు దొంతర్లుగా పరుచుకుని ఉంటే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఆ పళ్ళు కూడా సొంతవే, అదొకటి. చుట్టు మొత్తం తిరిగొచ్చాను, మూడు గంటలు పట్టింది, మోకాళ్ళు బాగానే ఉన్నాయి అని కింద రాసింది. ఆ చివరి ముక్క నాకోసమే రాసిందని నా అనుమానం, నా మోకాళ్ళ సంగతి యానాంలో తెలియనివాళ్ళు లేరు మరి.

ఈ పత్రిక చదివే మీరందరూ ఇంచుమించు నా ఈడువాళ్ళే గనుక దాచకుండా చెబుతున్నాను, నాకు కడుపు మండింది. కాఫీ చల్లారిపోయింది, పనమ్మాయి వచ్చి అంట్లు వెయ్యమంటే ఊరికే కసురుకున్నాను, పిల్లలందరూ వాళ్ళ అత్తకి చప్పట్లూ దండాలూ పంపుతుంటే నేనూ ఒక దండం బొమ్మ పంపి ఫోను బోర్లించేశాను. అరవై దాటాక మనిషికి అసూయ తగ్గుతుందని ఎవరన్నారో గాని, వాళ్ళకి ఆడపడుచులు ఉండి ఉండరు. బీపీకీ షుగరుకీ మాత్రలున్నాయి, దీనికి లేదు.

ఆ ఫొటోలో ఆవిడ వెనకాల ఉన్న మలుపు నాకు తెలుసు, చూసి కాదు, వినీ వినీ తెలుసు. రంపచోడవరం దాటి కొండల్లోకి వెళ్తే అడవిలో ఒక బాట ఉంది, బయల్దేరిన చోటికే మళ్ళీ తీసుకొచ్చే చుట్టు. ఇప్పుడు అక్కడ టిక్కెట్టు పెట్టి, దారిపొడుగునా బాణం గుర్తులు నాటి, గేరు సైకిళ్ళు అద్దెకిస్తున్నారట, మొదట్లోనే బోర్డు మీద ఈ దారి మోస్తరు కష్టంగా ఉంటుందని రాశారట. మోస్తరట. ఎవరికి మోస్తరో మాత్రం రాయలేదు. మా రోజుల్లో బోర్డూ లేదు, బాణమూ లేదు, కట్టెలకి వెళ్ళేవాళ్ళూ సంతకి వెళ్ళేవాళ్ళూ నడిచి నడిచి వేసిన బాట అది. సగం దాకా ఎక్కుడు, మధ్యలో ఒక వాగు, వాగు దాటాక ఇంకాస్త ఎక్కితే ఆ మలుపు, మలుపు దగ్గర్నుంచి పెడలు మీద కాలు ఆడించక్కర్లేకుండా వెదురు పొదల మధ్య నుంచి కిందికంతా దిగుడే. ఆ దిగుడు గురించి మావారూ, ఆయన చెల్లెలూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారంటే పళ్ళేల్లో అన్నం ఎండిపోవలసిందే.

నేను కాపురానికి వచ్చేసరికే ఈ అన్నాచెల్లెళ్ళ సైకిలు ముచ్చట మా వీధి వీధంతా చెప్పుకునేవారు. మామగారు ఇంటికంతటికీ ఒకే సైకిలు కొన్నారట, పిల్లలిద్దరూ వంతులు వేసుకుని కనకాలపేట దాకా తొక్కుకుంటూ పోయి వచ్చేవారట, పోయేటప్పుడు ఆయన తొక్కితే వచ్చేటప్పుడు ఆవిడ తొక్కేదట, మొగపిల్లవాడు వెనక క్యారేజీ మీద కూర్చుంటే పరికిణీ కట్టుకున్న ఆడపిల్ల ఎదురుగాలికి తొక్కుకుంటూ రావడం చూసి కొట్లలో కూర్చున్నవాళ్ళు బయటికొచ్చి నవ్వేవారట. ఇదంతా మా అత్తగారు పెళ్ళైన మూడో రోజునే నాకు చెప్పింది, అదేదో నాకు సంతోషం కలిగించే కబురన్నట్టు. నాకేమో సైకిలు రాదు. ఏటి ఒడ్డున పుట్టిపెరిగిన దాన్ని, మా నాన్న పడవ నడిపేవాడు, నాకు తెలిసినవల్లా నీళ్ళు.

ఆవిడా నేనూ ఒక్క ఈడువాళ్ళం, ఆర్నెల్లు తనే పెద్ద, వరసకి నేను పెద్ద, అందుకని ఒకళ్ళనొకళ్ళం వదినా అనే పిలుచుకుంటాం. మంచిదే, ఆ మాట ముందే ఒప్పుకోవాలి. నా మీద ఒక్క చాడీ చెప్పలేదు, నా చీర కట్టుకుంటానని అడగలేదు, పురుడు పోసుకుంటే నెల్లాళ్ళు దగ్గరుండి చేసింది. చెడ్డదైనా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దలు, కాని నాకు వచ్చిన చిక్కల్లా ఆవిడ నా మొగుడిలో సగం పంచుకుపోవడం. పెళ్ళైన ఏడాదికే ఆవిడకీ పెళ్ళై, ఏజెన్సీలో బడిపంతులు గారిని చేసుకుని కొండల్లోకి కాపురం వెళ్ళిపోయింది. ఆవిడ బస్సెక్కిన రోజున అందరూ ఏడిస్తే నేనూ ఏడ్చాను గాని, లోపల హమ్మయ్య అనుకున్నాను.

అయితే ఏటేటా కార్తీకమాసం వస్తుంది కదా. వనభోజనాలకి రండి అని ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం, ఉత్తరం అందిన రోజే ఆఫీసులో నాలుగు రోజులు సెలవు రాసిచ్చేసి మావారు సైకిలు తిరగేసి గొలుసుకి నూనె పెడుతూ కూర్చునేవారు. ఆ సైకిల్ని బస్సు నెత్తి మీద తాళ్ళతో కట్టి, పిల్లల్నీ పులిహోర గిన్నెనీ నన్నూ బస్సులోపల కూర్చోపెట్టి, దిగిన ప్రతిచోటా ముందు సైకిలు బాగుందో లేదో చూసుకుని తర్వాత మమ్మల్ని చూసేవారు. అక్కడ బడి క్వార్టర్సులో దిగిన మర్నాడు తెల్లారగానే అన్నాచెల్లెళ్ళిద్దరూ సైకిళ్ళేసుకుని చుట్టుకి బయల్దేరితే, మధ్యాహ్నం భోజనాల వేళకి బురద కొట్టుకుని, మొహాలు వెలిగిపోతూ వచ్చేవారు. ఆవిడ భర్త, వరసకి నాకు అన్నయ్యగారు, ఉసిరిచెట్టు కింద చాప మీద పేపరు చదువుకునే రకం, ఆయనకి ఏ బాధా లేదు. నేను మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని బాటకేసి చూస్తూ ఎన్నిసార్లు సాంబారు మాడబెట్టానో.

వాళ్ళు వెళ్ళారన్నదానికంటే వచ్చాక మాట్లాడుకునే మాటలు ఎక్కువ మండించేవి. ఆ దారిలో ప్రతి మెట్టకీ వాళ్ళిద్దరూ పేర్లు పెట్టుకున్నారు. ఒకటి దొంగెక్కుడు, అయిపోయిందనిపించి మళ్ళీ మొదలవుతుందట. ఇంకోటి మేష్టారి మెట్ట, పంతులుగారు ఒక్కసారి వచ్చి అక్కడే దిగి వెనక్కి నడిచి వెళ్ళిపోయారట. అన్నయ్యా, దొంగెక్కుడు దగ్గర ఈసారి నీ ఆయాసం వినపడలేదే అని ఆవిడ అంటే ఈయన విరగబడి నవ్వేవారు. ఇంట్లో నేను ఎంత హాస్యమాడినా మీసం చాటున నవ్వే మనిషి అలా నవ్వడం నేను అక్కడ తప్ప ఎక్కడా చూడలేదు. ఆ మలుపులో నిలబడితే మబ్బు లేని రోజున దూరంగా గోదావరి ఒక గీతలా కనిపిస్తుందని చెప్పి, నీకు చూపించాలే ఎప్పుడో అని నాతో అనేవారు. పక్క మీద పడుకున్నాక ఆ ఎప్పుడో అన్న మాట నన్ను పొడిచేది. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని నేను, నా గోదావరిని నాకు వాళ్ళు చూపించాలా అనుకునేదాన్ని.

అలా ఎనిమిది కార్తీకాలు వడ్డించాక, తొమ్మిదో ఏడు వేసవిలో నేనే సైకిలు నేర్చుకోవాలని పట్టుబట్టాను. ఎవరికీ చెప్పలేదు. మా పక్కింట్లో చర్చి బడిలో పనిచేసే టీచరమ్మ ఉండేది, ఆవిడ లేడీస్ సైకిలు తొక్కేది, సెలవుల్లో మధ్యాహ్నాలు మావారు ఆఫీసులో ఉండగా అడవిపొలం వైపు తీసుకెళ్ళి నేర్పింది. ముప్ఫయ్యేళ్ళు దాటిన ఆడది చీర దోపుకుని సైకిలు నేర్చుకుంటుంటే చూసినవాళ్ళు ఏమన్నారో మీరే ఊహించుకోండి. ఒకసారి రొయ్యల చెరువు గట్టు మీంచి చెరువులోకే వెళ్ళిపోయాను, ఆ చెరువు కాపలావాడు వల వెయ్యమంటారా అమ్మగారూ అన్నాడు. తిన్నగా తొక్కడం వచ్చాక నాకు కొత్త బెంగ పట్టుకుంది, కొండెక్కడం ఎలా అని. మా ఊళ్ళో ఎత్తంటే ఏటిగట్టే. ఆ గట్టు మీదికి ఎక్కే వాలు మీద రోజుకి పాతికసార్లు పైకీ కిందికీ తొక్కి, కొండంటే పెద్ద గట్టే కదా అని ధైర్యం తెచ్చుకున్నాను.

ఆ కార్తీకంలో వాళ్ళిద్దరూ పొద్దున్నే సైకిళ్ళు బయటికి తీస్తుంటే, కొంగు బొడ్లో దోపుకుని నేనూ వస్తానని నిలబడ్డాను. మావారు ముందు నవ్వారు, తర్వాత నా మొహం చూసి మానేశారు. ఆవిడ మాత్రం చప్పట్లు కొట్టి, ఎదురింటి పంతులమ్మ సైకిలు నాకోసం పరుగున వెళ్ళి తెచ్చింది. కాస్త మొహం ముడుచుకుని ఉంటే నాకు ఎంత తృప్తిగా ఉండేదో. అంతకు ముందు రెండు రోజులూ వాయుగుండం వల్ల వానలు, ఆ పూట తెరిపిచ్చింది గాని కొండల మీద మబ్బు అలాగే ఉంది.

కొండ గట్టు కాదని మొదటి పావుగంటలోనే తెలిసిపోయింది. గట్టు ఎక్కితే అయిపోతుంది, ఇది అవదు. తొక్కే ఓపిక లేక దిగి తోసుకుంటూ నడిచాను, నడిచే ఓపికా లేక నిలబడ్డాను, టేకు ఆకుల మీంచి నీళ్ళు నెత్తిన పడుతుంటే గుండె గొంతులో కొట్టుకుంటోంది. ఆవిడ ముందు ఎక్కడో ఉంది, ప్రతి మలుపు దగ్గరా ఆగి, నేను కనబడగానే చెయ్యి ఊపి మళ్ళీ వెళ్ళిపోతోంది. మావారు ఆవిడ పక్కనా లేరు, నా పక్కనా లేరు, ఇద్దరికీ మధ్యలో సైకిలు తోసుకుంటూ ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ చూస్తూ నడుస్తున్నారు. ఇదేనా దొంగెక్కుడు అని అడిగితే, కాదు, అది ఇంకా రాలేదు అన్నారు.

ఆ ఆయాసంలో వాగు దగ్గరికి చేరేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే అక్కడ నీళ్ళున్నాయి, నీళ్ళ సంగతి నాకు తెలుసు. ఎర్రటి నీరు మోకాళ్ళ దాకా పారుతోంది. ఆవిడ, పైన వాన పడుతున్నట్టుంది, ఇప్పుడే దాటేద్దాం వదినా, సైకిలు నేను మోస్తాను అంది. నేను దాటనన్నాను. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, ఇది పోటు మీద ఉంది, గంట ఆగితే పాటు వస్తుంది, నీరు తీసేస్తుంది, అప్పుడు పాదాలు తడవకుండా దాటొచ్చు అని చెప్పాను. యానాం ఏటి ఒడ్డున పెరిగినవాళ్ళు ఎవరైనా అదే అంటారు. సముద్రం ఎగదోస్తే ఏట్లో నీరు పోటెక్కడం, మళ్ళీ పాటుకి దిగిపోవడం మేము రోజూ చూసేదే, లంకలో మా పిన్ని ఇంటికి వెళ్ళాలంటే పాయ దగ్గర అలాగే పుల్ల గుచ్చి, పుల్ల మొదలు ఆరేదాకా కూర్చుని అప్పుడు నడిచి దాటేవాళ్ళం. నీళ్ళన్నవి ఎక్కడైనా పెరిగితే తగ్గి తీరతాయని నా నమ్మకం. కొండ మీది వాగుకి సముద్రంతో ఏం పనో ఆ రోజు నాకు తట్టలేదు.

ఆవిడ నెమ్మదిగానే చెప్పింది, ఇది వాగు వదినా, దీనికి పోటూ పాటూ ఉండవు, పైన వాన పడితే పెరగడమే అని. మా నాన్న ముప్ఫయ్యేళ్ళు పడవ నడిపాడు, నీళ్ళ గురించి నాకు నువ్వు చెప్పక్కర్లేదు అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే గొంతు అనవసరంగా పెరిగిందని నాకు తెలిసింది. పొద్దుట్నుంచీ ఆ కొండల్లో నాకు తెలిసింది అదొక్కటే, దాన్ని ఆవిడకి ఒప్పచెప్పలేకపోయాను. ఇద్దరం ఆయన వైపు చూశాం. ఆయన వాగుకేసి చూశారు, పుల్లకేసి చూశారు, నువ్వెళ్ళమ్మా, మేం నీరు తీశాక వస్తాం అని చెల్లెలితో అన్నారు.

ఆవిడ సైకిలు భుజాన వేసుకుని, ఒక్కొక్క రాయే చూసుకుని అడుగేస్తూ దాటి అవతలి ఒడ్డెక్కింది. ఎక్కాక వెళ్ళిపోకుండా అక్కడే నిలబడింది. అంతలో పైనుంచి నీరు ఒక్కసారిగా వచ్చి నా పుల్లని ముంచేసింది. వెళ్ళు, ఇంటి దగ్గర నీ చంటిది ఏడుస్తుంది అని ఈయన చేత్తో సైగ చేస్తే, రెండు మూడుసార్లు వెనక్కి చూసి చెట్లలో కలిసిపోయింది. నేను ఇంకో పుల్ల తెచ్చి పైన గుచ్చాను, అదీ మునిగింది, మూడోది గుచ్చాను. ఆయన బండ మీద కూర్చుని దాన్ని పరకాయించి చూసి, తీస్తున్నట్టే ఉంది అన్నారు. గంటకి పైనే కూర్చున్నాం. ఆయన ఏవేవో చెబుతూనే ఉన్నారు. ఏం చెప్పారో ఆఖర్న రాస్తాను, ఇప్పుడే రాయడానికి చెయ్యి రావటం లేదు. నీరు నడుంలోతు దాటాక, ఇవాళ పాటు ఆలస్యమయ్యేట్టుంది, వెనక్కి పోదాం పద అని నా సైకిలు కూడా ఆయనే తిప్పారు. వచ్చిన దారినే వచ్చాం. అలా నేను ఆ చుట్టులో సగమే చూశాను. వాగుకి అవతలి సగం, ఆ మలుపూ, ఆ దిగుడూ ఇవాళ్టికీ నాకు వినికిడే.

క్వార్టర్సుకి చేరేసరికి ఆవిడ మాకోసం వేడినీళ్ళు కాచి ఉంచింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది, కాని జరిగిందంతా అందరికీ చెప్పేసింది, వెక్కిరించి కాదు, ముచ్చటగానే. అయినా నవ్వు నవ్వే కదా. పంతులుగారు మజ్జిగన్నంలోకి వచ్చేసరికి, ఏమ్మా, పాటు వచ్చిందా అని అడిగారు, మర్నాడు వనభోజనాల్లో ఊరంతా అడిగింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత చెబుతారే, నాకు తోటికోడలు లేని లోటు ఆ రోజు తీరింది. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ నాకు అరికాలి మంట నెత్తికెక్కి ఉంది.

మరుసటి కార్తీకానికి ఉత్తరం రాకముందే నేను ఒక మొక్కు మొక్కుకున్నాను. మొక్కుకున్నానని చెప్పాను, అంటే సరిగ్గా ఉంటుంది. పిల్లల ఆరోగ్యం కోసమని, కార్తీకం నెల్లాళ్ళూ మొగుడూ పెళ్ళాం కలిసి తెల్లవారుజామున ఏట్లో స్నానం చేసి దీపాలు వదలాలని, ఒక్క రోజు తప్పినా నెలంతా పోయినట్టేనని ఆయనతో చెప్పాను. ఏ దేవుడికీ నేను అలా మొక్కుకోలేదు. ఆయన ఒక క్షణం నా మొహంలోకి చూసి సరే అన్నారు. ఎన్నేళ్ళని అడిగితే, ఓపిక ఉన్నంతకాలం అన్నాను. అంతే, డాక్టరు చన్నీళ్ళు వద్దని, కొండెక్కే వయసూ దాటిపోయేదాకా ఇరవై కార్తీకాలు ఆయన చలికి వణుకుతూ నా పక్కన ఏట్లో మునిగారు, సైకిలు వసారాలో గోడకి చేరబడి ఉండిపోయింది. మొదట్లో ఏటేటా ఉత్తరం వచ్చేది, తర్వాత ఫోను వచ్చేది, మొక్కు ఉంది కదమ్మా అని ఆయన చెప్పేవారు, పోనుపోను ఆవిడ పిలవడం మానేసింది. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వాళ్ళు మా ఇంటికీ మేము వాళ్ళింటికీ వెళ్తూనే ఉన్నాం, చుట్టు మాట మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు. నేను గెలిచాను. ఆ గెలుపు ఎలా ఉండేదంటే, దీపం వదిలి ఒడ్డెక్కాక ఆయన తల తుడుచుకుంటూ ఉత్తరం వైపు చూసేవారు, అటు కొండలు కనపడవు, అయినా చూసేవారు.

నాలుగేళ్ళ కిందట ఆయన పోయారు. ఆవిడ వచ్చి పన్నెండు రోజులూ ఉండి, నాకంటే ఎక్కువ పనిచేసి వెళ్ళింది. తర్వాత ఏడాదికి పంతులుగారూ పోయారు. ఆవిడ ఒక్కతే అక్కడే ఉంటూ ఇలా సైకిళ్ళు తొక్కుతోంది.

ఫొటో పంపిన ఆదివారం మధ్యాహ్నం ఫోను చేసింది. రెండుసార్లు ఎత్తలేదు, మూడోసారి ఎత్తాను. దండం పెట్టావు గాని ఏమీ రాయలేదే వదినా, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. బాగానే ఉందన్నాను. వాగు మీద వంతెన కట్టారు వదినా, దాని మీద నిలబడి మనవాళ్ళందర్నీ తలుచుకున్నాను అంది. నీకొక సంగతి చెప్పాలనుకుంటూనే ఇన్నేళ్ళు గడిచిపోయాయి, వాగుకి పాటు ఉండదని అన్నయ్యకి తెలుసు వదినా అంది. తెలియకపోవడమేమిటి, మేమిద్దరం ఎనిమిదిసార్లు దాటిన వాగు అది, వాన వస్తే ఏం చెయ్యాలో నాకు చెప్పిందే వాడు, తెలిసి తెలిసి నీకోసం కూర్చున్నాడు, నాతో ఎన్ని వాగులు దాటాడో గాని నాకోసం ఎప్పుడూ ఒడ్డున కూర్చోలేదు, అవతల చెట్ల చాటున నిలబడి మీ ఇద్దర్నీ చూసి ఎంత కుళ్ళుకున్నానో, ఇంటికొచ్చి ఊరందరికీ చెప్పి నిన్ను నవ్వులపాలు చేసింది అందుకే అంది. ఆయన తీస్తున్నట్టే ఉంది అన్న మాట ఒక్కటే చెవుల్లో తిరిగింది. ఇన్నేళ్ళూ ఆయన కూడా నాలాగే నమ్మారనుకున్నాను. ఎనిమిదిసార్లు ఆ దారిన వెళ్ళిన మనిషికి ఆ మాత్రం తెలియదా అని ఒక్కనాడూ నాకు తోచలేదు.

తర్వాత ఆవిడ గొంతు తగ్గించి, ఒక్కటి చెప్పు వదినా, మిమ్మల్ని వదిలేసి దాటేశానని అన్నయ్యకి నామీద కోపం వచ్చిందా అని అడిగింది. ఆ తర్వాత వాడు మళ్ళీ చుట్టుకి రాలేదు, మొక్కు అన్నాడు గాని నాకు నమ్మకం కలగలేదు, అడుగుదామంటే ఔనంటాడేమోనని భయం, ఇప్పుడు అడగడానికి మనిషే లేడు అంది. అరవై ఆరేళ్ళ ఆడది, పొద్దున్నే కొండంతా తిరిగొచ్చిన మనిషి, చిన్నపిల్లలా ముక్కు చీదుతోంది. నేను, ఛ, కోపమేమిటి, అలాంటిదేం లేదులే అన్నాను. మరి ఆ గంటసేపూ నా గురించి ఏమైనా అన్నాడా అంది. గుర్తులేదన్నాను. పొయ్యి మీద పాలు ఉన్నాయని చెప్పి ఫోను పెట్టేశాను, ఆ వేళప్పుడు మా ఇంట్లో పాలుండవు.

గుర్తులేకపోవడమేమిటి, అక్షరం అక్షరం గుర్తుంది, ఆ గంటసేపూ ఆయన మాట్లాడింది ఆవిడ గురించే. ఆవిడ వాగు మధ్యలో ఉండగా నా చెయ్యి పట్టుకుని, చూడు చూడు, అది ఎలా దాటుతోందో చూడు, మా ఇంట్లో అసలైన మొగవాడు అదే అన్నారు. ఆవిడ కనుమరుగయ్యాక, అది ముందు వెళ్తుంటే చూస్తూ తొక్కుతాను కాబట్టి గాని, లేకపోతే ఈ కొండ ఎక్కే దమ్ము నాకెక్కడిది అన్నారు. అత్తవారింటికి ఇంత దూరం పంపించేశాం, ఇది ఏ రోజూ నోరెత్తి కష్టం చెప్పదు, ఏడాదికి ఒక్కసారి ఈ చుట్టులో దాని వెనకాల వెళ్తేనే అది బాగుందో లేదో నాకు తెలుస్తుంది, అందుకే వస్తాను, నా బలగం అది అన్నారు. నా కోసం ఒడ్డున ఆగిన మనిషి ఆగినంతసేపూ చెల్లెలి మాటే మాట్లాడితే నాకు ఎలా ఉంటుందో చెప్పండి. నా మొక్కు అక్కడే, ఆ మూడో పుల్ల దగ్గరే పుట్టింది.

వదినా, నువ్వు ఈ పత్రిక నెలనెలా తెప్పించుకుంటావని నాకు తెలుసు. ఆయనకి నీ మీద కోపం రాలేదు. ఆయన్ని ఆపింది నేను, మొక్కు అబద్ధం. నోటితో చెబుదామని నాలుగుసార్లు ఫోను తీసి నాలుగుసార్లూ పెట్టేశాను.

ఇప్పుడు రోజులు మారిపోయాయి. మా కోడలు కారు నడుపుతుంది, మనవరాలు బండి మీద కాలేజీకి వెళ్తుంది, సైకిలు తొక్కడానికి ఆడపిల్ల ఎవరి చాటునా నేర్చుకోవక్కర్లేదు. ఆ అడవిలో బాణం గుర్తులు చూసుకుంటూ ఎవరైనా చుట్టంతా తిరిగి రావచ్చు, వాన పడినా వాగు దగ్గర వంతెన ఎక్కి వెళ్ళిపోవచ్చు, అక్కడ ఆగి కూర్చునే అవసరం ఎవరికీ లేదు. మాకు ఆ అవసరం వచ్చింది కాబట్టి ఆయన ఒక గంట నాకోసం ఆగారు. ఆ గంట చాలదని నేను ఆవిడ దగ్గర్నుంచి ఇరవై కార్తీకాలు లాక్కున్నాను.